సాంబ్రాణి రేవులో నాలుగు నిమిషాలు

సలాలా వెళ్ళొచ్చామని ఫోన్లో చెబితే మా అమ్మ "ఎడారిలో ఏం చూశారే?" అంది. వాన చూశామన్నాను. నమ్మలేదు. జులైలో మేముండే ఒమాన్ రాజధాని మస్కట్‌లో కారు తలుపు పట్టుకుంటే చెయ్యి కాలుతుంది. అదే దేశంలో, అదే నెలలో, దక్షిణాన ఉన్న సలాలాలో కొండలన్నీ పచ్చగా ఉంటాయి. రోజంతా సన్నని తుంపర పడుతూనే ఉంటుంది. ఆ కాలాన్ని ఇక్కడ ఖరీఫ్ అంటారు. మనకి ఖరీఫ్ అంటే వరినాట్లు. వీళ్ళకి సెలవు పెట్టి వెళ్ళి వానలో తడిసే రోజులు.

మేము మాత్రం వాన కోసం వెళ్ళలేదు. మస్కట్‌లోనే ఘాలాలో కూడుకునే మా తెలుగు క్రైస్తవ సంఘం వాళ్ళు సలాలాలో మూడు రోజుల ప్రార్థన కూటాలు పెట్టుకున్నారు. మధ్యలో శుక్రవారం ఒక గైడుని మాట్లాడుకుని పాత స్థలాలు చూడాలన్నది ఏర్పాటు. ఒకటి యోబు భక్తుడి సమాధి అని చెప్పుకునే చోటు. ఇంకొకటి రెండు వేల ఏళ్ళ కిందట గ్రీకు నావికులు సాంబ్రాణి కోసం ఆగిన రేవు. మా ఆయన ఆస్పత్రిలో స్టాఫ్ నర్సు. డ్యూటీ మార్చుకోవడం కుదరలేదు. నేనూ కెజియా వెళ్ళాం.

కెజియా మా అమ్మాయి. రెండున్నరేళ్ళు. ఇంకా ఒక్క మాట కూడా రాలేదు. పిలిస్తే ఒకోసారి చూస్తుంది, చాలాసార్లు చూడదు. చెవుల పరీక్షకి ఆయన మార్చిలోనే అపాయింట్‌మెంట్ తీసుకున్నాడు. పాపకి జలుబుగా ఉందని నేను వాయిదా వేయించాను. మళ్ళీ తీసుకున్నాడు. చుట్టాలొస్తున్నారని చెప్పి అదీ మార్పించాను. మూడోది ఈ ప్రయాణం నుంచి తిరిగొచ్చిన మరునాడు, ఆదివారం ఉదయం. దాన్ని ఎలా తప్పించాలా అని ఆలోచిస్తూనే పెట్టె సర్దుకున్నాను. సలాలాలో అందరూ ప్రార్థన చేస్తారు, దానికి మాటలొస్తాయి, ఇక పరీక్షతో పని ఉండదు. నాకు నేను చెప్పుకున్నది అదీ.

వ్యాన్ కదిలే ముందు

పద్నాలుగు మందికి ఒక వ్యాన్. డ్రైవర్ రాజన్నది జగిత్యాల దగ్గర పల్లె. పదిహేడేళ్ళ కిందట ఘాలాలో లేబర్ క్యాంపులో దిగి, సైట్లలో కాంక్రీటు పోసి, తర్వాత లైసెన్సు సంపాదించుకుని ఇటు వచ్చాడట. గైడు పేరు సాలిం. ఇక్కడి మనిషే. తెల్లని పొడుగు చొక్కా, రంగుల తలపాగా. ఇంగ్లిష్‌తో పాటు పనివాళ్ళ దగ్గర నేర్చుకున్న హిందీ కూడా బాగానే మాట్లాడతాడు.

బయల్దేరే ముందు అయ్యగారు ప్రార్థన చేశారు. మా పాస్టర్‌గారిని అందరం అయ్యగారనే అంటాం. మా వాళ్ళకి ప్రార్థనంటే కళ్ళు గట్టిగా మూసుకోవడం. ఆదివారం బడిలో పిల్లలకి నేర్పే మొదటి సంగతి అదే, చేతులు కట్టుకుని కళ్ళు మూసుకోమని. కెజియా పుట్టాక నాకది చేతకావడం లేదు. ఒక కన్ను సగం తెరిచి దాని మీదే ఉంచుతాను. కిటికీ తెరిచి ఉందేమో, నోట్లో ఏదైనా పెట్టుకుందేమో, పక్కవాళ్ళ వేడి టీ దగ్గరకి వెళుతుందేమో అని.

ఆమేన్ అవ్వగానే రూతక్క అందుకుంది. ఆవిడ పాలకొల్లు మనిషి, ఇరవై ఏళ్ళుగా ఇక్కడ హెడ్ నర్సు, మా అందరికీ పెద్దదిక్కు.

"అయ్యగారండే, మన కెజియా వాళ్ళమ్మ ప్రార్థనలో కళ్ళు మూయదండి. దేవుడికి కాపలా కాస్తదండి."

"ఆ సంగతి నీకెలా తెలిసిందమ్మా?" అన్నారు అయ్యగారు.

వ్యానంతా గొల్లుమంది. "తుమ్మొచ్చి తెరిచానండి, ఆయ్," అని రూతక్క చున్నీ సర్దుకుంది. రాజన్న కూడా అద్దంలో నవ్వాడు.

కొండ మీద పొడుగు సమాధి

ఊరు దాటి కొండెక్కుతుంటే మంచు కమ్మింది. పది అడుగుల ముందు ఏముందో కనపడదు. ఉన్నట్టుండి రోడ్డు మధ్యలో ఒంటెల గుంపు. ఈ దేశంలో రోడ్డు మీద మనుషులకంటే వాటికే హక్కెక్కువ. రాజన్న బ్రేకు తొక్కి హారన్ మీద చెయ్యి ఉంచేశాడు. వెనక సీట్లో ఎవరిదో బిస్కెట్ల పొట్లం కిందపడింది. రూతక్క "ఓరి నాయనో" అని గుండె పట్టుకుంది.

కెజియా కిటికీకి నుదురానించి, చెమ్మ పట్టిన అద్దం మీద వేలితో గీత గీస్తోంది. హారన్ అంతసేపు మోగినా ఆ వేలు ఆగలేదు.

తలెత్తితే అద్దంలో రాజన్న దాన్నే చూస్తున్నాడు. తర్వాత నన్ను చూశాడు. నేను గబగబా దాని టోపీ సర్దడం మొదలుపెట్టాను.

సమాధి ఉన్నది చిన్న తెల్ల కట్టడంలో. చెప్పులు విప్పాలి, ఆడవాళ్ళు తల కప్పుకోవాలి. మాకదేం కొత్త కాదు, ప్రార్థనకి ముసుగేసుకోవడం అలవాటే. లోపల ఆకుపచ్చ గుడ్డ కప్పిన సమాధి, మా ఊరి దర్గాలో చూసినట్టే ఉంది. కాకపోతే చాలా పొడుగు. ఇద్దరు మనుషులు ఒకరి తర్వాత ఒకరు పడుకున్నంత.

"యోబుగారు ఇంత పొడుగా అండి?" అని రూతక్క గుసగుసలాడింది.

"ఆయన ఈ ఊరివాడో కాదో కూడా మనకి తెలియదమ్మా. కష్టంలో నిలబడ్డాడు, అది తెలుసు," అన్నారు అయ్యగారు. ఆయన పాప తలమీద చెయ్యి పెట్టి, గొంతు సవరించుకున్నారు. యోబు కూతురి పేరే మా అమ్మాయికి పెట్టాం కనక అక్కడే ప్రార్థన చేయాలని ముందే అనుకున్నాం. ఆయన గొంతు ఘాలాలో మైకు లేకుండా వెనక వరస దాకా వినపడే గొంతు. మొదటి మాట సగంలో ఉండగానే సాలిం ముందుకొచ్చి, గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

"సర్, యహా దిల్ మే. ఆవాజ్ నహీ."

ఇక్కడ ఎవరికి వారు మనసులో చేసుకోవాలి, పైకి అనకూడదు. చాలా మర్యాదగానే చెప్పాడు. అయ్యగారు తలూపి నోరు మూసుకున్నారు గానీ, ఆయనకి మనసు నిండలేదని తెలిసిపోయింది. "సరే, రేవు దగ్గర చేద్దాం, అక్కడ ఆరుబయలే కదా," అన్నారు బయటికొచ్చి.

నేను లోపల ఒక నిమిషం ఎక్కువ ఉన్నాను. ఏం అడగాలో తెలియలేదు. ఆదివారం రాకుండా చూడమని అడిగాను. పక్కనే ఒక పెద్దావిడ, ముఖానికి నల్లని తొడుగు, సంచిలోంచి ఖర్జూరం తీసి కెజియా చేతిలో పెట్టి అరబీలో ఏదో అంది. కెజియా ఆవిడ కళ్ళలోకి చూడలేదు. గుడ్డ కింద కదులుతున్న పెదాల కోసం వెతికింది.

కొబ్బరి బళ్ళు, మూసిన తలుపులు

కిందికి దిగాక రోడ్డు పక్కన వరసగా కొబ్బరి బళ్ళు. అరటి గెలలు వేలాడుతున్నాయి. బొప్పాయిలు, చెరుకు కూడా. కోనసీమని ఎవరో మోసుకొచ్చి ఇక్కడ దింపినట్టుంది. బోండాలు కొట్టేది మాత్రం బంగ్లాదేశ్ అబ్బాయిలు. ఒక్కో బోండాం అర రియాలు. "మా పెరట్లో తాగేవాళ్ళు లేక పడుంటాయండే," అని రూతక్క వాళ్ళకి తెలుగులోనే చెప్పింది, చెప్పి రెండు తాగింది.

తఖా అనే చిన్న ఊరు చేరేసరికి జుమా నమాజు వేళ. సాలిం మసీదుకి వెళ్ళాడు. హోటళ్ళన్నీ మూసేశారు. శుక్రవారం మధ్యాహ్నం తిండి దొరకదని ఒమాన్‌లో ఏళ్ళ తరబడి ఉన్న మాకెవరికీ గుర్తులేదు, ఎందుకంటే శుక్రవారం ఆ వేళకి మేమూ ఘాలాలో ఆరాధనలో ఉంటాం. గంటసేపు వ్యాన్‌లో పిల్లల ఏడుపులు. నేను పాలసీసా మూడుసార్లు తీసి వాసన చూశాను, విరిగిందేమోనని. ఊరంతా ఎండు చేపల వాసన. మాది రేపల్లె వైపు, ఆ వాసనకి ఊపిరాడింది నాకు. ఇక్కడ కవళ్ళనే చిన్న చేపల్ని ఎండబెట్టి ఒంటెలకి మేతగా పెడతారని రాజన్న చెప్పాడు. చేపలు తినే ఒంటెలంటే అయ్యగారు కూడా నమ్మలేదు.

హోటల్ తెరిచాక పెద్ద పళ్ళెంలో అన్నం, వేడి రాళ్ళ మీద కాల్చిన మేకమాంసం. కారం లేదు, కొవ్వు వాసన మాత్రం ఊరిస్తుంది. రూతక్క బ్యాగులోంచి ఆవకాయ సీసా తీసింది. రాజన్న నా ఎదురుగా కూర్చున్నాడు.

"పాపకు మాటలచ్చినయా మేడం?"

"మా వాళ్ళలో అందరికీ లేటుగానే వస్తాయి," అన్నాను. అబద్ధం. నేను తొమ్మిదో నెలకే అత్త అన్నానని మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది.

"మంచిది," అని ఆయన కెజియా కోసం మాంసం సన్నగా చీల్చి పళ్ళెం అంచున పెట్టాడు.

గ్రీకులు ఆగిన రేవు

ఆ చోటు పేరు సుమ్హురం. సముద్రం లోపలికి చొచ్చుకొచ్చి మడుగులా నిలిచిన చోట, గుట్ట మీద రాతి గోడల ఊరు. ఇప్పుడు నడుమెత్తు గోడలే మిగిలాయి. వచ్చే దారి తిన్నగా ఉండదు, మూడు మలుపులు తిరుగుతుంది, శత్రువు ఒక్కసారిగా దూసుకు రాకుండా. ఒక రాతి మీద మాలో ఎవరికీ చదవరాని అక్షరాలు, నిన్ననే చెక్కినట్టు స్పష్టంగా ఉన్నాయి. సాలిం వాటి మీద వేలు పెట్టకుండా గాలిలోనే రాసి చూపించాడు.

గ్రీకు ఓడలు ఎర్ర సముద్రం మీదుగా ఇక్కడికి వచ్చేవట. ఒక గ్రీకు నావికుడు దారి పొడుగునా రేవుల గురించి రాసి పెట్టుకున్న వివరాల్లో ఇది ఉందన్నాడు. ద్రాక్షసారా జాడీల ముక్కలు ఇక్కడ తవ్వితే దొరికాయి. "తర్వాత మీ వాళ్ళు," అని మా వైపు చూపించాడు. మన దేశం నుంచి కాలం మించాక వచ్చిన ఓడలు గాలి తిరిగేదాకా ఇక్కడే నెలల తరబడి ఆగిపోయేవి. బట్టలు, ధాన్యం, నువ్వుల నూనె ఇచ్చి సాంబ్రాణి తీసుకునేవాళ్ళు. ఆ నెలలన్నీ ఇంటి దగ్గర ఏమైందో తెలియకుండా ఈ గోడల మధ్య ఎలా ఉన్నారో అనుకున్నాను. నేను మా ఆయన ఫోన్ రెండుసార్లు ఎత్తకపోతే ఆస్పత్రి రిసెప్షన్‌కి చేసే మనిషిని.

"ఆ తూర్పు జ్ఞానులు పసిబిడ్డకి తెచ్చిన సాంబ్రాణి కూడా ఈ రేవు దాటే ఉంటుంది," అన్నారు అయ్యగారు. "ఇక్కడ చేద్దాం ప్రార్థన."

గోడల మధ్య చదునైన చోట గుండ్రంగా నిలబడ్డాం. ఒక పక్క సముద్రపు గుమ్మం అని సాలిం చూపించిన సన్నటి దారి, మడుగులోకి దిగుతుంది. నేను కెజియాని దానికి దూరంగా, నా కుడి పక్కన నిలబెట్టి చెయ్యి పట్టుకున్నాను. రూతక్క నా చెవి దగ్గరికి వంగింది.

"ఈ ఒక్కసారైనా నిండుగా మూసుకోవే చెల్లీ. నీ బిడ్డ కోసమే కదా అందరం."

మూసుకున్నాను. రెండు కళ్ళూ. మా మీద గౌరవం కొద్దీ సాలిం అటు తిరిగి నిలబడ్డాడని తర్వాత తెలిసింది. అక్కడ కళ్ళు తెరిచి ఉన్న ఒక్క మనిషీ మాకు వీపు పెట్టాడన్నమాట.

అయ్యగారు పొద్దుటి బాకీ కూడా కలిపి చేశారు. కెజియా నాలుక కట్టు విప్పమని అడిగారు. నా కళ్ళ వెంట నీళ్ళు కారాయి. "అందరం చేతులెత్తి స్తుతిద్దాం" అన్నారు. చిన్నప్పటి అలవాటు, ఆ మాట వినగానే చేతులు వాటంతటవే లేస్తాయి. లేచాయి. రెండూ.

సముద్రపు గుమ్మం

ఆమేన్ అన్నాక కళ్ళు తెరిస్తే కుడి పక్కన ఎవరూ లేరు.

నాలుగు నిమిషాలే అన్నారు తర్వాత. సాలిం గడియారం చూసుకున్నాడట. నాకు తెలిసిందల్లా గోడలు. ఒక గది, దాని వెనక ఇంకో గది, దాని వెనక పాత బావి. బావి మీద ఇనుప కమ్మీలున్నాయి. వాటి సందుల్లోంచి పిల్ల పడుతుందా పడదా అని చేతితో కొలిచాను. పద్నాలుగు మంది కూటాల్లో పాడే గొంతులతో "కెజియా, కెజియా" అని అరుస్తున్నారు. గుట్ట మీద పక్షులు లేచిపోయాయి.

సముద్రపు గుమ్మం దగ్గరికొచ్చి కిందికి చూశాను. మడుగు ఒడ్డున తడి మట్టిలో కెజియా గొంతుకూర్చుని ఉంది, మాకు వీపు పెట్టి. నీళ్ళు దాని చెప్పులకి జానెడు దూరం. అవతల ఒంటెలు నీళ్ళు తాగుతున్నాయి. కింద వ్యాన్ దగ్గర నుంచి రాజన్న అప్పటికే పరుగెత్తుకొస్తున్నాడు. పైనుంచి అందరం అరుస్తున్నాం. అయ్యగారు నా పక్కనే నిలబడి దాని పేరు పెట్టి కేక వేస్తే నా చెవులు గింగురుమన్నాయి. అది తల తిప్పలేదు. రాజన్న దాని వెనక రెండడుగుల దూరంలోకి వచ్చి "ఓ పాపా" అన్నాడు. చప్పట్లు కొట్టాడు. తల తిప్పలేదు. అప్పుడాయన నీళ్ళలోకి దిగి, చుట్టూ తిరిగి దాని ముందుకొచ్చి వంగాడు. ఆయన ముఖం కనపడగానే అది నవ్వి, చేతిలో ఉన్న గవ్వ చూపించింది.

నేను ఎలా దిగానో గుర్తులేదు. మోకాలు దోక్కుపోయింది. దాన్ని గుండెకి అదుముకుంటే ఎందుకో తెలియక గింజుకుంది. రాజన్న పాంటు మోకాళ్ళ దాకా తడిసింది.

"చెల్లే, కొట్టకు పాపను," అన్నాడు. పొద్దుట్నుంచీ మేడం అన్న మనిషి. "పాప ఇనబడక రాలే గని మొండికి కాదు. పొద్దున హారన్ కొట్టినప్పుడే సూసిన. మా అన్న బిడ్డ గిట్లనే ఉండె. మేం మొక్కులు మొక్కుకుంట ఆరేండ్లు పోగొట్టినం. నువ్ పోగొట్టకు."

"నాకు తెలుసన్నా," అన్నాను.

ఆ మాట అంతకుముందు ఎవరితోనూ అనలేదు, మా ఆయనతో కూడా. జనవరిలో దాని వెనక స్టీలు పళ్ళెం కింద పడేశాను. కావాలని కాదు, జారిందని నాకు నేను చెప్పుకున్నాను. మర్నాడు మూత పడేశాను. ఆ తర్వాత ఏదీ పడేయలేదు, చూడాల్సి వస్తుందని.

రూతక్క దిగొచ్చి నా పక్కన మట్టిలోనే కూలబడింది. "నేనే కదే మూసుకోమన్నాను," అని ఒకటే ఏడుపు. సాలిం నాకు మూడుసార్లు సారీ చెప్పాడు. అటు తిరగడం మర్యాద అనుకున్నానన్నాడు. అయ్యగారు కూడా కిందికి దిగొచ్చారు. తన గొంతుకి కూడా పాప తిరగలేదని ఆయనా చూశారు కదా. చివరికి, "ఆదివారం ఆస్పత్రికి నేనూ వస్తానమ్మా," అన్నారు. అపాయింట్‌మెంట్ సంగతి రూతక్క చెప్పి ఉంటుంది.

తిరుగు దారిలో

సాయంత్రం సలాలా బజారులో ఆగాం. సాంబ్రాణి అంగళ్ళు వరసగా. గోధుమ రంగువి చవక, లేత ఆకుపచ్చ తేలిన తెల్లవి ఖరీదు. అంగడి ఆవిడ నిప్పుల మీద ఒక ముక్క వేసి పొగ మా వైపు తోసింది. మా అమ్మ కెజియాకి నీళ్ళు పోసి, తల ఆరబెట్టడానికి పట్టిన పొగ గుర్తొచ్చింది. ఆ వాసనా ఈ వాసనా ఒకటి కాదు, ఇది నిమ్మతొక్కలా ఉంది. కెజియా పొగని పట్టుకోబోయి గుప్పిట తెరిచి చూసుకుంది. చిన్న పొట్లం కొన్నాను.

అక్కడి నుంచే మా ఆయనకి ఫోన్ చేశాను. జరిగింది మొత్తం చెప్పకుండా "ఆదివారం వెళ్దాం" అన్నాను. "సరే," అన్నాడు, "డ్యూటీ మార్చుకుంటాను."

మస్కట్ వచ్చాక

పరీక్ష అయింది. రెండు చెవులకీ చాలా తక్కువ వినపడుతోందన్నారు. పూర్తిగా లేకపోలేదు. ఇంకా ముందే రావాల్సింది కదా అని డాక్టరమ్మ అడిగితే మా ఆయన నా వైపు చూడకుండా ఉన్నాడు. అది నా మీద జాలి. కోప్పడితే బాగుండేది. అయ్యగారు బయట బల్ల మీద చివరిదాకా కూర్చున్నారు.

ఇప్పుడు మా సంఘంలో ఒక కొత్త పద్ధతి వచ్చింది. రూతక్క పెట్టింది. ప్రార్థనప్పుడు ఒకరు కళ్ళు తెరిచి పిల్లలని చూడాలి. వారానికొకరు, ఆస్పత్రిలో డ్యూటీ వేసినట్టు కాగితం మీద పేర్లు రాసి తలుపుకి అంటించింది. మొదటి పేరు తనదే వేసుకుంది.

పోయిన శుక్రవారం ఆ డ్యూటీ నాది. కెజియాకి చెవుల వెనక మిషన్లు పెట్టి అప్పటికి మూడు రోజులు. వాటిని పీకి పారేయకుండా చూడడమే నా పని. అందరూ కళ్ళు మూసుకుని ఉన్నారు. అంతమందిలో నేనొక్కదాన్నే కళ్ళు తెరిచి, ఎవరికీ దొంగచాటు లేకుండా, దాన్ని చూస్తున్నాను. చాప మీద కూర్చుని సలాలా గవ్వతో ఆడుకుంటోంది. అయ్యగారు ప్రార్థన ముగిస్తూ, వెనక వరస దాకా వెళ్ళే ఆ గొంతుతో ఆమేన్ అన్నారు.

కెజియా ఉలిక్కిపడింది. గవ్వ జారిపోయింది. పెదాలు వణికాయి, తర్వాత గది దద్దరిల్లేలా ఏడుపందుకుంది.

అందరూ కళ్ళు తెరిచారు. మామూలుగా పిల్ల ఏడిస్తే పది చేతులు ముందుకొస్తాయి. ఆ రోజు కాసేపు ఎవరూ దాన్ని ఊరుకోబెట్టలేదు.